శరణార్థి కుటుంబానికి సాయం ఒకే దారిలో అందాలంటే

హైదరాబాద్ దక్షిణపు అంచున బాలాపూర్, షాహీన్‌నగర్, రాయల్ కాలనీ చుట్టుపక్కల రోహింగ్యా బస్తీల్లో కొన్నేళ్లుగా కేసుల సమన్వయం చూస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే సోషల్ వర్కర్లు, లా చదివే పిల్లలు, సెలవు రోజున సాయం చేద్దామని వచ్చే డాక్టర్లు దాదాపు అందరూ మొదట అడిగేది ఒకటే: “వీళ్లకు కౌన్సెలింగ్ ఎక్కడ ఇప్పించాలి?” దానికి జవాబు చెప్తాను. కానీ అంతకంటే ముందు చేయాల్సిన పని చాలా ఉంది.

ఊరు తగలబడటం చూసి, అయినవాళ్లను పోగొట్టుకుని వచ్చిన మనిషిని మన సాయమే మళ్లీ బాధపెట్టకూడదు. ఇక్కడ ఆ బాధ ఎలా మొదలవుతుందో చెప్తాను. ఒక తల్లి తన మీద జరిగింది ముందు సంస్థ అమ్మాయికి చెప్తుంది. తర్వాత ఆసుపత్రి కౌంటర్ దగ్గర పదిమంది వింటుండగా చెప్తుంది. తర్వాత లాయరుకు, ఆ తర్వాత ప్రాజెక్టు రిపోర్టు కోసం వచ్చిన విద్యార్థికి. ప్రతివాళ్లూ మంచి మనసుతోనే అడుగుతారు. ఎవరికి వాళ్లు తామే మొదటిసారి అడుగుతున్నామనుకుంటారు. నా దృష్టిలో సమన్వయకర్త పని ఇదే: ఆమె చెప్పాల్సిన సార్లు తగ్గించాలి, ఎదురుచూడాల్సిన గంటలు తగ్గించాలి, ముందు చెప్పకుండా జరిగేవి తగ్గించాలి. కింద రాసినవన్నీ దానికోసమే.

ముందు తెలిసి ఉండాల్సినవి

వీళ్లు మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం వాళ్లు. 1982 నాటి పౌరసత్వ చట్టం వీళ్లను సొంత దేశంలోనే ఏ దేశానికీ చెందనివాళ్లుగా మిగిల్చింది. 2012 హింస తర్వాత కొందరు, 2017 ఆగస్టు 25న మొదలైన సైనిక దాడుల తర్వాత మరికొందరు బంగ్లాదేశ్ మీదుగా ఇక్కడికి చేరారు. ఆ 2017లో కొన్ని నెలల్లోనే 7 లక్షల మందికి పైగా సరిహద్దు దాటారు. కాబట్టి ఒకే బస్తీలో పదేళ్లుగా ఉంటూ హైదరాబాదీ ఉర్దూ గడగడా మాట్లాడేవాళ్లూ ఉంటారు, ఇంకా బస్సు నంబరు కూడా తెలియనివాళ్లూ ఉంటారు.

భారతదేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద గానీ, 1967 ప్రోటోకాల్ మీద గానీ సంతకం చేయలేదు. శరణార్థులకంటూ మనకు విడిగా చట్టం లేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ, అంటే యూఎన్‌హెచ్‌సీఆర్, వీళ్ల పేర్లు నమోదు చేసుకుని, దరఖాస్తు విచారణలో ఉన్నవాళ్లకు ఒక సర్టిఫికెట్, ఇంటర్వ్యూ అయి శరణార్థిగా గుర్తించిన తర్వాత కార్డు ఇస్తుంది. ఆ కార్డు చాలాచోట్ల పనికొస్తుంది, కానీ అది ఇక్కడ ఉండటానికి ప్రభుత్వం ఇచ్చిన అనుమతి కాదు. 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో కొత్త ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టం 2025 సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. రాజ్యాంగంలోని 14, 21 అధికరణలు పౌరులు కాని మనుషులకూ వర్తిస్తాయని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో రోహింగ్యాల కేసులోనే చెప్పింది. కానీ దేశం నుంచి పంపించకుండా ఉండే హక్కు పౌరులకే ఉందని, చట్టం చెప్పిన పద్ధతిలో వీళ్లను తిప్పి పంపవచ్చని కూడా అదే ఉత్తర్వులో ఉంది.

ఈ చట్టం సంగతంతా ఎందుకు చెప్తున్నానంటే, ట్రామా, అంటే ఘోరం చూసిన మనసుకు తగిలిన దెబ్బ, గురించి మనం చదివే పుస్తకాల్లో “మీరిప్పుడు క్షేమంగా ఉన్నారు” అని చెప్పమంటారు. ఇక్కడ ఆ మాట చెప్పకండి. అది నిజం కాదు, వాళ్లకూ తెలుసు. నిన్న పక్క బస్తీలో పోలీసు వెరిఫికేషన్ జరిగి ఉంటుంది, లేదా ఎవరినో తీసుకెళ్లారన్న వార్త ఫోన్లో తిరుగుతూ ఉంటుంది. వీళ్ల భయం పాత సంగతి ఒక్కటే కాదు, ఈ రాత్రికి సంబంధించినది కూడా. మీరు హామీ ఇవ్వగలిగినంతే చెప్పండి: “ఈ గదిలోకి ఈ గంటసేపు ఎవరూ రారు. తలుపు మీ పక్కనే ఉంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి వెళ్లొచ్చు.” ఈ మూడు మాటలు నిజమైతే చాలు, మనిషి భుజాలు కొంచెం కిందకు దిగుతాయి.

మొదటి సమావేశం

మొదటిసారి కలిసినప్పుడు “ఏం జరిగింది?” అని అడగకండి. “ఈ వారం మీకు అన్నిటికంటే కష్టంగా ఉన్నది ఏది?” అని అడగండి. జవాబు అద్దె కావచ్చు, పిల్లాడి జ్వరం కావచ్చు, కారుతున్న టార్పాలిన్ కావచ్చు. ఆ జవాబుతోనే పని మొదలుపెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, మరి రెండు సంస్థలు కలిసి 2011లో వేసిన మానసిక ప్రథమ చికిత్స గైడు మూడు పనులే చెప్తుంది: చూడటం, వినటం, కలపటం. తవ్వి అడగటం అందులో లేదు. ఒకే సిట్టింగులో జరిగిందంతా చెప్పించి “బరువు దించే” పద్ధతి ఒకప్పుడు ఉండేది. దానివల్ల మేలు లేదని, చేయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది.

కూర్చునే చోటు ముఖ్యం. వచ్చినవాళ్ల వీపు తలుపు వైపు ఉండకూడదు, దారికి అడ్డంగా మీరు కూర్చోకూడదు. మెడలో వేలాడే ఐడీ కార్డు తీసి పక్కన పెట్టి, మీ పేరు, సంస్థ నోటితో చెప్పండి. కాగితం, పెన్ను బయటికి తీసే ముందు ఏం రాస్తారో, ఎందుకు రాస్తారో, ఎవరు చదువుతారో చెప్పండి. ఫొటో తీయకండి. మా వైపు ఆడవాళ్లను “ఆపా” అంటాం, పెద్దవాళ్లను “చాచా”, “అమ్మీ” అంటాం. వాళ్లు మమ్మల్ని “బాజీ” అనో “మేడమ్” అనో అంటారు. మేడమ్ అంటూ చేతులు కట్టుకుని నిలబడితే ముందు కూర్చోబెట్టి చాయ్ ఇవ్వండి.

ఆమె తనంతట తాను చెప్పడం మొదలుపెడితే ఆపకండి, అలాగని “తర్వాత?” అంటూ ముందుకూ నెట్టకండి. మధ్యలో చూపు ఒకచోట ఆగిపోయి, ఊపిరి పైపైన ఆడుతూ, మీ మాట వినిపించనట్టు ఉంటే ఆమె ఆ క్షణంలో ఇక్కడ లేదన్నమాట. ముట్టుకోకండి. నెమ్మదిగా పేరు పెట్టి పిలవండి. “ఆపా, మనం బాలాపూర్‌లో ఉన్నాం. బయట మీ అబ్బాయి ఆడుకుంటున్నాడు. కాళ్లు నేలకు గట్టిగా ఆనించండి. ఈ గ్లాసు పట్టుకోండి, చల్లగా ఉందా?” అని అడగండి. తేరుకున్నాక ఆ రోజుకు విషయం మార్చండి. మిగిలింది ఇంకోరోజు, ఆమెకు ఇష్టమైతే.

మనసు బాగాలేదని నేరుగా చెప్పేవాళ్లు తక్కువ. తల పగిలిపోతోంది, గుండె మీద బరువు, ఒళ్లంతా మంట, రాత్రిళ్లు నిద్ర లేదు అంటారు. జిన్ను పట్టిందనీ అంటారు. కొట్టిపారేయకండి. ఇమామ్ దగ్గరికి వెళ్లాలంటే వెళ్లనివ్వండి, ఆయనతో మీరూ పరిచయం పెంచుకోండి. దువాతో పాటు డాక్టర్ని కూడా చూడమని ఆయన ఒక్క మాట చెప్తే మనం పదిసార్లు చెప్పినదానికంటే ఎక్కువ పనిచేస్తుంది.

ఒక పేజీ కాగితం

ప్రతి కేసుకూ మేము ఒకే ఒక్క పేజీ రాస్తాం. అందులో కథ ఉండదు, అవసరాలు ఉంటాయి. కోడ్ నంబరు, మాట్లాడే భాష, మగ సిబ్బందా ఆడ సిబ్బందా ఎవరైతే ఇబ్బంది లేదు, ఏ విషయం అడిగితే ఇబ్బంది పడతారు, ఏ శబ్దానికి, ఏ యూనిఫాంకు భయపడతారు, ఫోన్ చేయడానికి మంచి వేళ ఏది, ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంటుంది. ఆ చివరిది తప్పక రాయండి. చాలా ఇళ్లలో ఫోన్ ఒకటే, అది భర్త దగ్గరే ఉంటుంది. ఇంట్లో దెబ్బలు తింటున్న మనిషికి మీరు చేసిన ఫోనే ప్రమాదం తెస్తుంది.

డాక్టరుకు పంపేటప్పుడు “హింసకు గురైన వ్యక్తి. పరీక్ష చేసే ముందు ప్రతి అడుగూ చెప్పి చేయండి. లేడీ డాక్టర్ కావాలి. జరిగిన సంఘటన వివరాలు అడగనవసరం లేదు” అని రాస్తే సరిపోతుంది. లాయరుకు వేరే చీటీ. స్కూలుకు ఇంకోటి, అందులో పిల్లాడి వయసు, భాష, సైరన్ మోగితే బెంచీ కింద దూరతాడన్న సంగతి తప్ప మరేమీ ఉండకూడదు. ఎవరికి ఏది పంపుతున్నామో చదివి వినిపించి, ప్రతిదానికీ విడిగా ఒప్పుకోలు తీసుకోండి. అన్నిటికీ కలిపి ఒకేసారి వేలిముద్ర వేయించుకుంటే అది ఒప్పుకోలు కాదు.

పేర్లు, కార్డు ఫొటోలు, గుడిసె నంబర్లు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. సాయం త్వరగా వస్తుందని మంచి ఉద్దేశంతోనే పెడతారు. కానీ ఆ గ్రూపులో ఎవరెవరున్నారో, ఎవరి ఫోన్ ఎవరి చేతికి వెళ్తుందో మనకు తెలియదు. కోడ్ నంబరు చాలు, పూర్తి వివరాలు ఇద్దరి దగ్గరే ఉండాలి.

అసలు కాగితాలు ఆ కుటుంబం దగ్గరే ఉంచండి. ఒక జిప్ ఉన్న ప్లాస్టిక్ ఫోల్డర్ కొనిచ్చి కార్డు కాపీలు, టీకా కార్డు, ఓపీ చీటీలు, మందుల చీటీలు అందులో పెట్టించండి. ఈ బస్తీల్లో వానకు, మంటలకు కాగితాలు పోవడం మామూలే కాబట్టి స్కాన్ కాపీ వాళ్ల అనుమతితో మీ దగ్గరా ఉండాలి. ఓపీ చీటీ రాయించేటప్పుడు పేరు స్పెల్లింగ్ కార్డు మీద ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా రాయించండి. వీళ్లలో చాలామందికి ఇంటిపేరు ఉండదు, పుట్టినరోజు జనవరి 1 అని ఉండటం మామూలు. ఒకే పేరు, ఒకే పుట్టినరోజు ఉన్నవాళ్లు నలుగురు దొరికితే రిపోర్టులు తారుమారవుతాయి.

ఆధార్ గురించి గట్టిగా చెప్తున్నాను. స్కూలుకో సిమ్ముకో పనికొస్తుందని ఆధార్, ఓటరు కార్డు తెప్పించే మధ్యవర్తి దగ్గరికి ఎవరినీ పంపకండి, సాయమూ చేయకండి. ఆ కార్డుల కారణంగానే హైదరాబాద్‌లో రోహింగ్యాలు జైలుకు వెళ్లారు. కుటుంబం మీద పడే దెబ్బల్లో అంతకంటే పెద్దది లేదు.

దుబాసీ

ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ పని చెడేది సాధారణంగా ఇక్కడే. రోహింగ్యా భాష చిట్టగాంగ్ వైపు మాటకు దగ్గరగా ఉంటుంది. ఉర్దూ వచ్చు కదా అని ఉర్దూలోనే కానిచ్చేస్తాం. బజారు పనికి, అద్దె మాటకు ఉర్దూ సరిపోతుంది. కాన్పు, నెలసరి, రాత్రి పీడకలలు, చనిపోయిన బిడ్డ విషయం వచ్చేసరికి మనిషి తన సొంత మాటలోకి వెళ్లిపోతుంది. అప్పుడు పక్కన ఎవరున్నారన్నది ముఖ్యం.

పిల్లల్ని దుబాసీలుగా పెట్టకండి. ఇస్కూలుకు వెళ్లే పదేళ్ల పాప ఉర్దూ, తెలుగు చక్కగా మాట్లాడుతుంది, ఆసుపత్రిలో అందరికీ ముద్దొస్తుంది కూడా. కానీ తల్లికి జరిగింది ఆ పాప నోటితో డాక్టరుకు చెప్పించడం ఇద్దరికీ అన్యాయం. భర్తనూ, మరిదినీ పెట్టకండి. బస్తీ పెద్దను అసలే పెట్టకండి. ఆయన మంచివాడే అయినా, రేషన్ పంచేదీ, గుడిసెకు స్థలం చూపించేదీ ఆయనే. ఆయన ముందు ఆమె ఏం చెప్పగలదు?

మరి ఎవరు? బాలాపూర్ కేసుకు వేరే బస్తీ మనిషి, ఆడవాళ్లకు ఆడమనిషి. దగ్గర్లో ఎవరూ లేకపోతే ఇంకో ఊళ్లో ఉన్న రోహింగ్యా మహిళ ఫోన్‌లో, వీడియో లేకుండా, వచ్చినామె పేరు చెప్పకుండా. దుబాసీ పేరు ముందే చెప్పి “ఈమె మీకు తెలుసా, తెలిస్తే ఇబ్బందా?” అని అడగండి. పని మొదలయ్యే ముందు దుబాసీతో పది నిమిషాలు విడిగా కూర్చోండి. ఆమె “నేను” అన్నది దుబాసీ కూడా “నేను” అనే చెప్పాలి, “ఈమె ఏమంటోందంటే” అనకూడదు. మధ్యలో సలహాలివ్వకూడదు, ఓదార్చకూడదు, కుదించకూడదు. మీరు చూడాల్సింది మాట్లాడే మనిషి ముఖం వైపు, దుబాసీ వైపు కాదు. ముప్పావు గంటకోసారి ఆగండి.

దుబాసీకి డబ్బులివ్వండి. తన వాళ్లకు సాయం కదా, ఊరికే చేస్తుందిలే అనుకోవద్దు. ఆమె కూడా అదే ఊళ్ల మీదుగా వచ్చిన మనిషి. రఖైన్‌లోని మాంగ్‌డౌ పేరు వినగానే ఆమెకూ ఏదో గుర్తొస్తుంది. పని అయ్యాక ఒంటరిగా ఆటో ఎక్కించి పంపేయకుండా, కాసేపు కూర్చోబెట్టి “ఈరోజు మీకెలా ఉంది?” అని అడగటం కూడా మీ పనిలో భాగమే.

కౌన్సెలింగ్ కంటే ముందు

విపత్తుల్లో మానసిక ఆరోగ్యం మీద ఐక్యరాజ్యసమితి సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు కలిసి 2007లో ఇచ్చిన మార్గదర్శకాల్లో నాలుగు అంతస్తుల పిరమిడ్ ఉంటుంది. అడుగున తిండి, నీడ, భద్రత. దానిపైన కుటుంబం, పొరుగు. దానిపైన శిక్షణ పొందిన మామూలు కార్యకర్తలు ఇచ్చే సాయం. కొసన సైకియాట్రిస్టు. మనవాళ్లు తరచూ కొస నుంచి మొదలుపెడతారు. వాన పడితే నీళ్లు గుడిసెలోకి వచ్చే మనిషికి నిద్ర ఎందుకు పట్టడం లేదో తెలుసుకోవడానికి డాక్టరు అక్కర్లేదు. ముందు టార్పాలిన్ మార్చండి, మరుగుదొడ్డికి వెళ్లే దారిలో లైటు పెట్టించండి. రాత్రిపూట ఆ దారికి భయపడి సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేసే ఆడవాళ్లు ఉన్నారు.

రెండో అంతస్తుకు పెద్ద ఖర్చు లేదు. కుట్టు మిషన్ల చుట్టూ, చాయ్ చుట్టూ ఆడవాళ్లు వారానికోసారి కూర్చునే చోటు ఉంటే చాలు. మగవాళ్లకు అది కుదరదు. చిత్తు కాగితాలు ఏరడానికో, సెంట్రింగ్ పనికో తెల్లారకముందే వెళ్తారు, వాళ్లను ఎవరూ పట్టించుకోరు కూడా. శుక్రవారం నమాజు తర్వాత మసీదు దగ్గర దొరుకుతారు, అక్కడే మాట కలపండి. పిల్లలకైతే బడే మందు. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ వర్తిస్తుంది, వయసు రుజువు లేదని చేర్చుకోకుండా ఉండకూడదని కూడా అందులోనే ఉంది. ఢిల్లీ రోహింగ్యా పిల్లల కేసులో సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో, పిల్లలు ముందు నేరుగా ప్రభుత్వ బడికి వెళ్లి అడగాలని, చేర్చుకోకపోతే హైకోర్టుకు వెళ్లవచ్చని చెప్పింది. హెడ్మాస్టరు దగ్గరికి ఆ చట్టం, ఆ ఉత్తర్వు కాపీలతో మీరే వెళ్లండి, తల్లిని ఒక్కదాన్నే పంపకండి.

మూడో అంతస్తులో మాకు బాగా ఉపయోగపడేది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో విడుదల చేసిన ‘ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్’ పద్ధతి. ఐదు సిట్టింగులు, ఒక్కోటి గంటన్నర. సైకాలజిస్టులే కానవసరం లేదు, శిక్షణ తీసుకుని, పైన ఒక నిపుణుడి పర్యవేక్షణ ఉన్న కార్యకర్త చేయవచ్చు. ఊపిరితో ఒంటిని నెమ్మదింపజేయడం, పరిష్కారం ఉన్న సమస్యను విడగొట్టి చూడటం, మానేసిన పనులు కొద్దికొద్దిగా మళ్లీ మొదలుపెట్టడం, సాయం అడగడం. జరిగిన ఘోరం గురించి మాట్లాడించడం ఇందులో ఉండదు, అందుకే ఇది మా పరిస్థితికి నప్పుతుంది.

ఇక డాక్టరు. చచ్చిపోవాలనిపిస్తోందన్నవాళ్లు, ఎవరూ లేని మాటలు వినిపిస్తున్నాయన్నవాళ్లు, బిడ్డకు పాలివ్వలేనంతగా కుంగిపోయిన బాలింతలు, మూర్ఛ ఉన్నవాళ్లు వెంటనే వెళ్లాలి. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రతి వ్యక్తికీ చికిత్స పొందే హక్కు ఇచ్చింది, అందులో పౌరులు అనే షరతు లేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉర్దూలో, తెలుగులో మాట్లాడొచ్చు. నంబరు చేతికిచ్చి ఊరుకోకుండా మొదటి ఫోన్ మీ పక్కన కూర్చోబెట్టి చేయించండి. జ్వరాలకు, బీపీకి దగ్గరి బస్తీ దవాఖానా, చంటిపిల్లలకు నిలోఫర్ ఆసుపత్రి. రేషన్ కార్డు లేదు కాబట్టి ఆరోగ్యశ్రీ ఉండదు. ఆపరేషన్ లాంటిది వస్తే డబ్బు ఎక్కడినుంచి అన్న ప్రశ్న మొదటిరోజే వేసుకోవాలి. కొత్త విదేశీయుల చట్టం ప్రకారం అడ్మిట్ చేసుకున్న విదేశీయుల వివరాలు ఆసుపత్రులు రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలి. ఈ సంగతి అడ్మిషన్‌కు ముందే, లాయరుతో మాట్లాడి, ఆ కుటుంబానికి మీరే చెప్పండి. వార్డులో ఉండగా హఠాత్తుగా తెలిస్తే సెలైన్ పీక్కుని పారిపోతారు.

మెడికల్ షాపులో నిద్రమాత్రలు అడిగి తెచ్చుకునే అలవాటు ఎక్కువగా ఉంది. పెద్ద దెబ్బ తగిలిన మొదటి నెలలో నిద్ర పట్టకపోయినా, అయినవాళ్లు పోయిన దుఃఖంలో ఉన్నా, ఆ రకం మత్తు మాత్రలు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. ఇంట్లో ఏ మాత్రలు వాడుతున్నారో కోప్పడకుండా అడిగి డాక్టరుకు చూపించండి. చాలాకాలంగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపించకండి.

చట్టం కలిసే చోట

లైంగిక దాడి జరిగిందని తెలిస్తే గంటలు లెక్క. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపు మొదలవ్వాలి, గర్భం రాకుండా ఇచ్చే మాత్ర ఎంత ముందైతే అంత మంచిది, 120 గంటలు దాటకూడదు. ప్రభుత్వ ఆసుపత్రి గానీ ప్రైవేటు గానీ బాధితులకు ఉచితంగా చికిత్స చేయాలని క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 397వ సెక్షన్ చెప్తుంది. హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రానికి 181, పోలీసుల ఆధ్వర్యంలోని భరోసా సహాయ కేంద్రం కూడా ఉంది. ఆసుపత్రి మాత్రం అదే సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపాలి, ఆ సంగతి ఆమెకు ముందే చెప్పండి. అది తప్ప, పెద్దవాళ్ల విషయంలో ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి చెప్పాలన్నది ఆమె ఇష్టం.

బాధితులు 18 ఏళ్లలోపు వాళ్లయితే అలా కాదు. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే శిక్ష ఉంది. కాబట్టి పిల్లలతో, వాళ్ల తల్లితో మాట్లాడే ముందే ఈ హద్దు చెప్పండి: “మీరు చెప్పేది నా దగ్గరే ఉంటుంది. కానీ పిల్లల మీద ఇలాంటిది జరిగిందంటే నేను చెప్పక తప్పదు. చెప్పేటప్పుడు మీ పక్కనే ఉంటాను.” అంతా విన్నాక ఈ మాట చెప్తే నమ్మకం అక్కడితో పోతుంది.

శరణార్థి హోదా ఇంటర్వ్యూకు ముందు ఏం చెప్పాలో నేర్పించడం మన పని కాదు, చేయకూడదు కూడా. ముందురాత్రి నిద్ర, ఇంటర్వ్యూకు వెళ్లేముందు తిండి, ఇంటి దగ్గర పిల్లల్ని చూసే మనిషి, రానుపోను ఖర్చు, లోపల విరామం అడగొచ్చన్న సంగతి, ఆడ అధికారిని, ఆడ దుబాసీని కోరవచ్చన్న సంగతి ఇవన్నీ మన పని. తేదీలు గుర్తులేక కంగారుపడేవాళ్లు చాలామంది. దెబ్బతిన్న మనసులో సంఘటనలు వరసగా ఉండవు. రంజాన్‌కు ముందా తర్వాతా, వరి కోతల వేళా, పెద్దాడు పుట్టకముందా అని వాళ్లకు తెలిసిన గుర్తులతోనే చెప్పమనండి. హింసల గుర్తులు ఒంటి మీద ఉంటే ఇస్తాంబుల్ ప్రోటోకాల్, అంటే హింస గుర్తులను పరీక్షించి నమోదు చేసే అంతర్జాతీయ పద్ధతి, తెలిసిన డాక్టరుతో రాయించమని లాయరుకు గుర్తుచేయండి. 1999లో వచ్చిన ఆ పద్ధతిని 2022లో కొత్తగా సవరించారు. ఇంటర్వ్యూ తర్వాతి రెండు మూడు రాత్రులు కష్టమైనవి, ఆ రోజుల్లో ఇంటికి వెళ్లి పలకరించండి.

ఉచిత న్యాయ సహాయానికి 15100. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేదు. ఈ నంబరు, మీ లాయరు నంబరు ఒక చిన్న కార్డు మీద రాసి ప్రతి ఇంటికీ ఇవ్వండి. ఫోన్ లాక్కుంటే నంబర్లు అందులోనే పోతాయి. అమెరికా, కెనడా పంపిస్తారట కదా అని అడుగుతారు. “అది నా చేతిలో లేదు. ఎంపిక చేసేది నేను కాదు. దానికి డబ్బడిగితే ఎవరికీ ఇవ్వకండి” అని అంతే చెప్పండి.

వారం వారం

ప్రతి కుటుంబానికీ ఒకే ముఖం ఉండాలి. డాక్టరు మారొచ్చు, లాయరు మారొచ్చు, కానీ ఫోన్ చేసేది, తోడు వెళ్లేది ఒకరే. హైదరాబాద్‌లో యూఎన్‌హెచ్‌సీఆర్ భాగస్వామిగా కోవా లాంటి సంస్థలు పనిచేశాయి, కానీ ఏ సంస్థ ఏ పని చూస్తుందన్నది నిధులను బట్టి మారుతూనే ఉంటుంది. అందుకే చిరునామాల పట్టిక మూణ్నెల్లకోసారి ఫోన్ చేసి సరిచూడండి. మూతపడిన సెంటరుకు రెండు బస్సులు మారి వెళ్లిన మనిషి మళ్లీ మీ మాట నమ్మదు.

వారానికోసారి అందరం ఒక గంట కూర్చుంటాం. ప్రతి కోడ్ నంబరుకూ మూడే ప్రశ్నలు: పంపించిన చోటికి నిజంగా చేరారా, అక్కడ ఎలా చూశారు, తర్వాతి అడుగు ఎవరిది. రిఫరల్ రాయడంతో పని అయిపోయినట్టు కాదు, చేరి తిరిగొచ్చాక అయినట్టు. వెళ్లలేదంటే కారణం దాదాపు ఎప్పుడూ మామూలుదే: బస్సు డబ్బులు, పిల్లల్ని చూసేవాళ్లు లేకపోవడం, ఆరోజు కూలి పోవడం, గేటు దగ్గర ఖాకీ బట్టలు కనిపించడం. మొదటిసారి గేటు నుంచి డాక్టరు కుర్చీ దాకా మనిషి తోడు వెళ్లాలి. ఆసుపత్రి అపాయింట్‌మెంట్లు రంజాన్ నెలలో ఉదయం పూట పెట్టండి. వెరిఫికేషన్ జరిగే రోజుల్లో ఇంటింటికీ సర్వేలకు వెళ్లకండి, కాగితాలతో వచ్చే ప్రతి మనిషీ ఆ రోజు ఒకేలా కనిపిస్తాడు.

మీ సిబ్బంది గురించి కూడా. రాత్రి పదకొండు తర్వాత ఫోన్ ఎవరు ఎత్తుతారో వంతులు వేసుకోండి, అందరూ ఎత్తితే నెలకు అందరూ పడిపోతారు. కష్టమైన కేసు విన్నరోజు ఇంకో కష్టమైన కేసు ఇవ్వకండి. నెలకోసారి బయటి సైకాలజిస్టు దగ్గర టీమంతా కూర్చునేలా బడ్జెట్‌లోనే డబ్బు పెట్టించండి.

ఉద్యోగం మారుతున్నా, ప్రాజెక్టు ముగుస్తున్నా కనీసం నెల ముందు చెప్పండి. ఈ మనుషులు ఇదివరకే చెప్పకుండా మాయమైనవాళ్లను చాలామందిని చూశారు. కొత్త కేస్ వర్కర్‌ను మీరే తీసుకెళ్లి కనీసం రెండుసార్లు కలపండి. మొదటిసారి మీరు మాట్లాడండి, రెండోసారి ఆమెను మాట్లాడనివ్వండి. ఒక పేజీ కాగితం ఆ కుటుంబానికి చదివి వినిపించి, మార్చాల్సింది మార్చి, ఒప్పుకుంటేనే కొత్తవాళ్లకు ఇవ్వండి. మీ ఫోన్లో ఉన్న కార్డు ఫొటోలు, వాయిస్ మెసేజీలు వాళ్ల ముందే తీసేయండి. కొత్త నంబరును వాళ్ల ఫోన్లో సేవ్ చేసి, ఒకసారి రింగ్ ఇప్పించి, నంబర్లు రాసిచ్చిన చిన్న కార్డు మీద కూడా రాయండి.